మా ఇంటికి ఇచ్చిన పూర్తి చిరునామాను వెనక్కి తీసుకోవాలని

నెట్‌వర్క్ విభాగం ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మినహాయింపుల పట్టికలోనుంచి మా ఇంటిని తొలగించుట గురించి.

అర్జీలు రాసే అలవాటు నాకు లేదు. కింది వాటా ఆవిడతో దేవుడి పేరు చెప్పి అబద్ధమాడాను. అప్పటినుంచి ప్రార్థనకు కూర్చుంటే నోట మాట రావడం లేదు. అందుకని ఈ కాగితం.

1. తమ కింద పనిచేసే ఇంజినీరు మా అమ్మాయి. ఇంటర్నెట్ చిరునామాలు ఇళ్లన్నింటికీ చాలనందున, ఒక్కో చిరునామాను పలు ఇళ్లు పంచుకునే పద్ధతిని తయారుచేసినది తనే. "చిరునామా ఒకటేనమ్మా, లోపల ఇంటికిన్ని గుమ్మాలని ఇస్తాం. ఉన్న గుమ్మాలు నిండితే ఆగాల్సిందే" అని నాకు చెప్పింది.

2. మా సముదాయంలో నూట ఇరవై ఎనిమిది ఇళ్లున్నవి. వచ్చిన చిరునామాలు రెండు. ఒకదానిని నూట ఇరవై ఏడు ఇళ్లు పంచుకుంటున్నవి. రెండవది మా ఒక్క ఇంటిది.

3. పక్షవాతం వచ్చి మా వారికి మాట పడిపోయింది. రోజూ సాయంత్రం మాటలు నేర్పే టీచరు తెర మీదికి వస్తారు. మొదట్లో పాఠం మధ్యలో తెగిపోయేది. మా వారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయేవారు. అమ్మాయి అది చూసింది. మరునాటినుంచి తెగలేదు. ఇప్పుడు నా పేరు సగం వరకు పలుకుతున్నారు.

4. తీగలు చూడడానికి వచ్చిన తమ మనిషి మినహాయింపుల పట్టిక చూసి నవ్వాడు. "మీ ఇల్లు పరీక్షా కేంద్రమని, అందుకే చిరునామా మొత్తం మీకేనని ఉందండీ. ఇక్కడేం పరీక్షిస్తారు, పాలు పొంగాయో లేదోనా?"

"ఏమిటే ఇది?" అని అమ్మాయిని అడిగాను.

"నాన్నకి మాట వస్తోందా, లేదా? మిగతాది అడక్కమ్మా."

నేను మళ్లీ అడగలేదు.

5. కింది వాటా ఆవిడకు పుట్టుచెవుడు. వేరే ఊళ్లో ఉన్న చెల్లెలితో తెర మీద చేతులతో మాట్లాడుకుంటుంది. సాయంత్రమైతే ఆ చేతులు గాలిలో నిలిచిపోతాయి. మొన్న పైకి వచ్చి చీటీ రాసి చూపింది: "మీకు మాత్రం ఎలా వస్తోంది వదినా? ఏం మంత్రం వేశారు?"

"దేవుడి దయ" అని రాసిచ్చాను.

ఆవిడ నవ్వి, దాని కిందనే రాసింది: "అయితే ఆయనతో నా సంగతి కూడా ఒక మాట చెప్పండి."

కావున తమరిని ప్రార్థించునదేమనగా, మా చిరునామాను తీసుకుని ఇళ్లన్నింటికీ సమంగా పంచవలెను. అమ్మాయిది తప్పు కాదని రాయలేను. తెలిసి వాడుకున్నది మాత్రం నేను. శిక్ష ఏదైనా నా పేరున రాయండి.

ఒక తల్లి మనవిగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో అంతస్తు ఇల్లాలు

మరొక మాట: పాఠాలు ఇంకా తొమ్మిదే ఉన్నాయి. అవి అయ్యాక తీసేయమని పైన రాసి, కొట్టేశాను. కొట్టేసినచోట అక్షరాలు కనబడితే కనబడనట్టు వదిలేయండి. ఈ కాగితం మీ దగ్గరే దాచండి, మా అమ్మాయికి చూపించకండి. ఎలాగూ తనకు తెలుస్తుంది. నా దస్తూరీలో తెలియకూడదు.