తమ్ముడి బండి ఇంజిను

డిసెంబరు 4

నాన్న పాత బండి మళ్లీ ఆగిపోయింది. కైవారం దాటాక ఎత్తు దగ్గర. వెనక సీట్లు మడిచిన చోట మా నర్సరీ టమాటా నారు ట్రేలు, పైన తడిగోనెలు. బానెట్ ఎత్తితే ఆవిరి. కెంచార్లహళ్ళి రైతు ఫోను మీద ఫోను — "అక్కా, కూలోళ్లు వచ్చి కూకోనుండారు, నారు యాడ?" ట్రాక్టరు పిలిపించి పంపాను. బండికి తాడు కట్టించి చింతామణికి, ఖాదర్ షెడ్డుకు లాగించాను.

ఏమీ అనిపించలేదు. చిరాకు కూడా.

డిసెంబరు 5

ఖాదర్ ఇంజిను విప్పి చూపించాడు. అడ్డంగా పగులు. "ఇది అయిపాయనమ్మా. మీ నాయన కాలంది. బండి ఏనుగంత, ఇంజిను మేకంత. ఎంతని లాగుతాది?"

ఆ తరువాత గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు. "ఒక మాట చెప్తా, ఏమీ అనుకోవద్దు. మహేశప్ప బండి ఉండాది గదా…"

తమ్ముడి బండి. షెడ్డు వెనక, నీలం టార్పాలిన్ పట్టా కింద. ఉందని నాకు తెలుసు. అటు చూడను.

డిసెంబరు 6

ఆగస్టులో తమ్ముడు బాగేపల్లి దగ్గర హైవే పక్కన బండి ఆపాడు. టైరు పంక్చరు. స్టెప్నీ తీయడానికి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. లారీ వెనక నుంచి వచ్చింది.

బండి ముందు భాగం మీద గీత కూడా పడలేదు.

ఇంత రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. రాశాక కూడా అట్లాగే ఉంది.

డిసెంబరు 8

తమ్ముడి భార్య సుజాతను అడిగాను, ఆ ఇంజిను నా బండికి పెట్టుకోవచ్చా అని. గడప దగ్గర కూర్చుని అనపగింజలు పితుకుతోంది. మహేశ్ పోయాక ఆమె మాట్లాడేది తక్కువ, పని ఎక్కువ.

"పెట్టుకో వదినా," అంది, తల ఎత్తకుండా. పితికిన గింజలు గిన్నెలో వేసి — "గేర్‌బాక్సు గూడా ఆయనదేనా?"

"అదీ రావల్లంట. ఆ ఇంజినుకు మన పాత గేర్‌బాక్సు సరిపోదంట."

లోపలి నుంచి అమ్మ. "మనిషిని తిన్న బండి. దాని ముక్క గూడా నా గేటు దాటి లోపలికి రాకూడదు."

"తినింది లారీ అత్తా, బండి కాదు," అంది సుజాత. గింజలు పితుకుతూనే.

డిసెంబరు 15

పాత ఇంజిను దిగింది. గొలుసుకు వేలాడుతూ మెల్లగా తిరిగింది. బానెట్ కింద చూస్తే షెడ్డు నేల కనబడింది. ఆయిలు మరకలు, ఎవరో పారేసిన టీ కప్పు.

నాన్న ఆ ఇంజిను శబ్దాన్ని బట్టి ఆయిలు ఎప్పుడు మార్చాలో చెప్పేవాడు. అది గుర్తొచ్చింది. అంతే. టీ తాగి నర్సరీకి వచ్చేశాను.

డిసెంబరు 19

తమ్ముడి ఇంజిను దించే ముందు ఒకసారి తిప్పి చూడాలన్నాడు ఖాదర్. మహేశ్ బండికి వేరే బ్యాటరీ తగిలించాడు. పట్టా సగమే తీశాడు, వెనక భాగం కనపడకుండా. నా కోసమే అయ్యుంటుంది.

మొదటి తిప్పుకే అందుకుంది.

షెడ్డులో మిగతా పనులన్నీ ఆగిపోయాయి. పక్క బండి కింద పడుకున్నవాడు కూడా బయటికొచ్చి నిలబడ్డాడు. నాకు అప్పుడు తెలిసింది — ఆ శబ్దం నేను మరిచిపోయాను. వాడి గొంతు గుర్తుంది, నడక గుర్తుంది, ఇది మాత్రం పోయింది.

"ఆపుదామా అమ్మా?"

"ఇంకొంచెం సేపు ఉండనీ," అన్నాను.

డిసెంబరు 27

పట్టడం లేదు. గేర్‌బాక్సు పొడుగు. దాన్ని మోసే అడ్డకమ్మీని కోసి వెనక్కి జరిపారు. ఇంజిను కూర్చునే దిమ్మలు కొత్తగా వెల్డింగు. వెనక చక్రాలకు పోయే షాఫ్టు పొట్టి చేయడానికి లేతు షాపుకు పోయింది. డ్రైవరు కాళ్ల దగ్గర రేకును సుత్తితో కొట్టి కొట్టి చోటు చేస్తున్నారు. ఒక బండిలో ఇంకో బండిని సర్దడం ఇంత కష్టమని తెలీదు.

"ఒకే కంపెనీదైనా ఒకటి ఇంకొకటి కాదు గదమ్మా," అన్నాడు ఖాదర్.

నారు డెలివరీకి ఇంకా ట్రాక్టరే.

జనవరి 3

వైరింగు. ఇంకా వైరింగే.

జనవరి 9

చిక్కబళ్ళాపుర ఆర్‌టీఓ ఆఫీసు. ఆర్‌సీలో కొత్త ఇంజిను నెంబరు ఎక్కించాలి. కౌంటరులో ఆయన కాగితాలు తిప్పి కన్నడలో అడిగాడు — "ఈ ఇంజిన్ యారదు?"

ఎవరిదీ ఇంజిను అని. వెనక లైనులో వాళ్లు కదులుతున్నారు. "తమ్మందు," అన్నాను చివరికి.

తమ్ముణ్ణి పిలవమన్నాడు. లేడన్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, కుర్చీ చూపించి, నీళ్లు తెప్పించాడు. భార్య ఒప్పుకుంటున్నట్టు రాసి ఇవ్వాలట.

జనవరి 10

సుజాత కాగితం మోకాళ్ల మీద పెట్టుకుంది. "ఆయన పేరుకు ముందర దివంగత అని రాయల్లా?"

"రాయల్లంట."

రాసింది. అక్షరాలు ఏమీ వంకర పోలేదు. కింద సంతకం చేసి నా చేతికిచ్చి, పులుసులో ఉప్పు సరిపోయిందా చూడమంది. చూశాను. సరిపోయింది.

జనవరి 18

బండి వచ్చింది. ఎత్తుల మీద కూడా బరువే తెలియదు. తమ్ముడి గేర్‌బాక్సు ఆటోమేటిక్; నా ఎడమ కాలు మాత్రం లేని క్లచ్చు కోసం తడుముతూనే ఉంది. దారంతా.

గేటు బయట, రోడ్డు పక్కన ఆపాను. అమ్మ దాని ఎదుట పడకుండా పెరటి తలుపు గుండా పూలమ్మే ఆమె దగ్గరికి వెళ్లింది. చుట్టుదారి. మోకాళ్ల నొప్పితో.

జనవరి 24

సుజాత నర్సరీకి వచ్చి, "తాళం ఇయ్యి వదినా, నేను తోల్తా," అంది.

ఆమెకు వచ్చని నాకు తెలీదు. విదురాశ్వత్థం గుడికి పోయి వచ్చేటప్పుడల్లా మహేశ్ నేర్పేవాడట, అమ్మకు చెప్పకుండా. నేను పక్క సీట్లో కూర్చున్నాను. యాడికి అని అడగలేదు. బాగేపల్లి వైపు హైవే ఎక్కింది.

ఆ చోటు వస్తోందని నాకు తెలుసు. ఆపుతుంది, దిగుతుంది, ఏడుస్తుంది, నేను పట్టుకోవాలి — అని తయారుగా కూర్చున్నాను. నీళ్ల సీసా కూడా ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె ఆపలేదు. వేగం తగ్గించలేదు, పెంచలేదు. అద్దంలో కూడా చూడలేదు. ఆ చోటు వెనక్కి పోయింది. రోడ్డు పక్కన ఎండుగడ్డి, ఏదో ఫ్లాట్ల బోర్డు.

కొంచెం దూరం పోయాక, "శబ్దంలో ఏమన్నా తేడా ఉండాదా?" అంది.

"లేదు."

"నాకూ ఏం లేదు."

బాగేపల్లిలో టీ. అక్కడ చెప్పింది. "ఆయన గిరాకీలు ఇంకా ఫోను చేస్తాండారు. ఎయిర్‌పోర్టుకు రావల్లని. ఆయన లేరని చెప్పీ చెప్పీ నోరు నొస్తాంది. నేనే వస్తానని చెప్తే యేమి? టాక్సీకని పసుపు బోర్డు చేయించుకుంటా. మధ్యాన్నం నుంచి బండి నీ నారుకే."

అమ్మనడగాలి అన్నాను. ఆ మాట ఎందుకన్నానో. బండి నాది, ఇంజిను ఆమెది.

జనవరి 26

అమ్మతో చెప్పాను. విని — "ఆ రోడ్డు ఒకర్ని తీసుకునింది. ఇంకొకర్ని నేనే పంపియ్యల్లా?"

వంటింట్లో సుజాత గిన్నెలు కడగడం ఆపింది. మళ్లీ మొదలుపెట్టింది.

ఫిబ్రవరి 2

మళ్లీ అడగలేదు. నర్సరీలో ట్రేలకు కొబ్బరిపొట్టు నింపుతోంది. ఫోను మోగితే లేచి షేడ్‌నెట్ చివరిదాకా వెళ్లి మాట్లాడుతుంది. తిరిగొచ్చాక నేను అడగను.

నిద్ర పడుతోంది. తింటున్నాను. అందరూ బాగున్నావా అంటే బాగున్నాననే చెబుతున్నాను, అది అబద్ధంలా లేదు, నిజంలానూ లేదు.

ఫిబ్రవరి 6

తెల్లారుతుండగా ట్రేలు ఎక్కిద్దామని బయటికొచ్చాను. దట్టమైన మంచు. రోడ్డు పక్కన బండి లేదు. మేకుకు తాళం లేదు. సుజాత చెప్పులు లేవు.

అమ్మ గేటు దగ్గర శాలువా కప్పుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో. శాలువా అంచు తడిసింది.

"చూస్తివా పోయేది?"

తల ఊపింది.

"నీతో చెప్పిందా?"

రోడ్డు కేసి చూస్తోంది, అయిదారు అడుగుల అవతల ఏమీ కనబడని రోడ్డు. ఫోను నా చేతిలోనే ఉంది. బండి తోలుతుంటే ఫోను చేయకూడదు. చేయలేదు.

"శారదా," అంది అమ్మ, "ఆ బండికి లైట్లు బాగా పడతాయా?"

తెలీదు. వైరింగు మార్చాక పగటిపూట తప్ప నేను దాన్ని నడపలేదు.

"పడతాయిమా," అన్నాను.