పిడి మీద రెండు నొక్కులు

ప్లేనో, అమెరికా,
ఆదివారం

ప్రియమైన అమ్మకు,

దేవుని దయవల్ల నేనూ మీ అల్లుడూ ఇక్కడ బాగున్నాం. నీ మోకాళ్ళు నెమ్మదించాయనీ, నాన్న మళ్ళీ కుండల సారె తిప్పుతున్నాడనీ తలుస్తాను. ఈ ఉత్తరం చెల్లి దీవెన చేత చదివించుకో, కానీ మీ ఇద్దరే ఉన్నప్పుడు. ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకర్ పెడతావు, వీధంతా వింటుంది.

దావీదు రాజు పేరున్న రాయి దొరికిందని పాస్టరుగారు చెప్పారు, నిజమేనా అని పోయిన ఉత్తరంలో అడిగావు. నిజమేనమ్మా. నిన్న మా తెలుగు చర్చివాళ్ళతో వెళ్ళి ఇక్కడి బైబిలు కాలేజీలో పాతవస్తువుల గది చూశాను. అసలు రాయి దొరికిన దేశంలోనే ఉందట, ఇక్కడున్నది దాని అచ్చు. దావీదు వంశాన్ని ఓడించానని శత్రురాజు ఎవరో గొప్పగా చెక్కించుకున్నాడు. అయితే దావీదు పెద్ద రాజ్యం ఏలాడో, నాలుగు కొండ ఊళ్ళకే పెద్దో ఇంకా తేలలేదట.

అసలు సంగతి ఇప్పుడు వస్తోంది. పక్కనే అద్దాల పెట్టెలో విరిగిన జాడీ పిడులు ఉన్నాయి. దావీదు కాలంనాటివి, మూడువేల ఏళ్ళవి. వాటి మీద బొటనవేలి నొక్కులమ్మా! కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు. అవి రాజుగారి పన్ను జాడీల గుర్తులు కావచ్చు, అంటే అప్పటికే అక్కడ గట్టి రాజ్యం ఉన్నట్టు అని ఆ కాలేజీ ప్రొఫెసరుగారు ఇంగ్లీషులో చెబుతుంటే, చర్చి రాగిణి ఆంటీ నాకు తెలుగులో చెబుతోంది. నలుగురిలో నోరెత్తని దాన్ని, ఆంటీ చున్నీ పట్టుకు లాగాను.

"రాజు దాకా ఎందుకాంటీ? ఒకే ఆవంలో మూడిళ్ళ కుండలు కాలిస్తే, ఎవరివి ఎవరివో తెలియొద్దూ? అందుకే పచ్చిగా ఉన్నప్పుడే నొక్కుతారు. ఒక నొక్కు మా పిన్నిది. రెండు మా అమ్మవి."

"మీ అమ్మగారు టీచర్ కదమ్మా?" అంది ఆంటీ.

ఫోన్లో చెప్పలేనిది ఇదే. వచ్చిన కొత్తలో ఎవరి అమ్మ ఏం చేస్తుందో అందరూ చెప్పుకుంటుంటే, మా అమ్మ టీచరని అనేశాను. ఆరో తరగతితో ఆగిపోయినదాన్ని, ఇంకా చిన్నచూపు చూస్తారని భయం. రెండేళ్ళు ఆ అబద్ధం మోశాను. బ్యాంకులో నువ్వు వేలిముద్ర వేస్తుంటే పక్కకి తిరిగి నిలబడ్డదాన్నీ నేనే. నన్ను క్షమించు.

నిన్న మాత్రం, "కాదాంటీ. మా అమ్మ కుండలు చేస్తుంది. సంతకం రాదు" అన్నాను. ఆంటీ అదంతా ప్రొఫెసరుగారికి ఇంగ్లీషులో చెప్పేసింది.

ప్రొఫెసరుగారు తాళం తీసి, రెండు నొక్కుల పిడి ఒకటి నా చేతిలో పెట్టారు. వేలు పెట్టి చూశాను, నాకు వదులైంది. నీదైతే సరిపోతుంది. తన మాట తప్పని ఒప్పుకోరట, నా మాటా కొట్టెయ్యలేరట. నీ పేరు అడిగి పుస్తకంలో రాసుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే మీ అల్లుడు, "అత్తగారు ఏ బళ్ళో టీచరని అడుగుతారేమోనని చర్చిలో తప్పించుకు తిరుగుతున్నా. ఇంక హాయి" అన్నారు.

ఇప్పుడు నీకో పని. ఒక పచ్చి పిడి మీద నీ రెండు నొక్కులూ నొక్కి, కాల్చి, గుడ్డలో చుట్టి పంపు. ఆ పిడుల పక్కనే పెడతామన్నారు. కింద చీటీ మీద నీ పేరు తెలుగులో నేనే రాస్తానని చెప్పేశాను.

ఇట్లు,
కుండల మార్తమ్మ పెద్దకూతురు,
సువార్త