అందరూ సైన్ అవుట్ అయ్యారా

జూన్ 3, సోమవారం

మా స్కానింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ మారుస్తున్నారు. పాతది ముసలిదైపోయిందట. నాలాగే అని క్యాషియర్‌తో అని నవ్వాను. ఆ నవ్వు నాకే అతికినట్టు లేదు.

కొత్త టెక్నీషియన్ వచ్చాడు. నలభై దాటి ఉంటాయి, ఎడమచేతి వాటం. వచ్చీ రాగానే నన్ను అక్కయ్యా అన్నాడు. మా టైపిస్టుల బల్లల మీద ఉన్నవి అసలు కంప్యూటర్లే కావట, కిటికీల్లాంటివట. అసలుది వెనక ఏసీ గదిలో ఉన్న సర్వర్ ఒక్కటే. రిమోట్ డెస్క్‌టాప్‌తో మేమంతా అందులోకే వెళ్లి పని చేస్తున్నామట. ఒకే వంటింట్లో నలుగురు తోడికోడళ్లు వండుతున్నారనుకోండి అక్కయ్యా, ఒక్కరు గిన్నె దించకుండా వెళ్లిపోయినా నేను పొయ్యి మార్చలేను అన్నాడు. అందుకని సాయంత్రం మూలనున్న ఎక్స్ నొక్కి వెళ్లిపోవద్దు, స్టార్ట్‌లోకి వెళ్లి సైన్ అవుట్ కొట్టండి అని ఒక్కొక్కరి పక్కనా నిలబడి చూపించాడు.

నాకు బాగానే అర్థమైంది. వెళ్లేటప్పుడు ఎక్స్ నొక్కాను.

జూన్ 4, పొద్దున

ఎందుకు నొక్కానో కనీసం ఇక్కడైనా రాసుకోవాలి.

డాక్టర్‌గారు చీటీ మీద రాసిచ్చింది చూసి మేము రిపోర్టు టైపు చేస్తాం. ఏడాదిగా ఆయన రాత నాకు అందడం లేదు. కళ్లజోడు మార్చినా అంతే. ఒక మాట దగ్గర ఆగితే ఇక కదలను. పాత సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు పూర్తయితేనే సేవ్ అవుతుంది. ఒకరోజు సాయంత్రం ఏం చేయాలో తోచక, సగం రిపోర్టు అలాగే ఉండగా ఎక్స్ నొక్కి ఇంటికి వచ్చేశాను. మర్నాడు తెరిస్తే ఎక్కడ ఆపానో అక్కడే ఉంది. దేవుడే నా కోసం అట్టిపెట్టాడనుకున్నాను. చేతులు కూడా జోడించాను.

అప్పటినుంచి రోజూ అదే దారి. రాని రిపోర్టులు తెర మీద వదిలేస్తాను. వాటి చీటీలు ఎవరి కంటా పడకుండా, పూర్తయిన చీటీల ట్రేలో అడుగున పెడతాను. పొద్దున్నే తీసుకుని, ఏమీ ఎరగనట్టు చిన్న టైపిస్టును ఈ మాట ఏమిటమ్మా అని అడుగుతాను.

కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే ఎవరు ఏ రిపోర్టుకు ఎంతసేపు తీసుకున్నారో మేనేజర్‌కు కనిపిస్తుందట.

జూన్ 4, సాయంత్రం

నిన్న రాత్రి మొదలుపెట్టిన ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగిపోయింది. పాత సాఫ్ట్‌వేర్ ఎవరో ఇంకా వాడుతున్నారని సర్వర్ చెప్పిందట. ఎవరున్నారో జాబితా తీస్తే ఒక్కటే పేరు. నాది.

టెక్నీషియన్ నలుగురిలో అడగలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, అక్కయ్యా, నిన్న సైన్ అవుట్ అయ్యారు కదా అన్నాడు. అయ్యాను నాయనా అన్నాను. నాయనా అని కూడా అన్నాను! పొద్దున ప్రార్థన చేసిన నోరే.

అయితే అది ఉత్త పేరే, తీసేస్తానని మేనేజర్ దగ్గరికి వెళ్లాడు. ఆయన ఒప్పుకోలేదు. ఇంతకుముందు ఒకాయన ఇలాగే ఎవరి పనో మధ్యలో తెంపేసి రిపోర్టులు పోగొట్టాడు. లోపల ఎవరూ లేకపోతే పేరెందుకుంది, ముందు రోగమేమిటో కనిపెట్టు, కోయడం తర్వాత అన్నాడట.

జూన్ 5

ఈ రోజు ప్రార్థనలో నేను అడిగింది రాయలేను.

జూన్ 6, గురువారం

రాస్తాను. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కకూడదని అడిగాను.

ఎక్కలేదు. మళ్లీ నా పేరే ఉంది. నేను అడిగింది ఇంత తొందరగా ఎప్పుడూ జరగలేదు. భయమేసింది.

టెక్నీషియన్ నా బల్ల మీది పెట్టె మార్చాడు, వైరు మార్చాడు. నా బల్ల కింద దూరి, తల కొట్టుకుని, ఏం లేదక్కయ్యా, బల్ల గట్టిదే అని నవ్వాడు. వాళ్ల కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేశాడో. ఆంటీయే మర్చిపోయి ఎక్స్ నొక్కుతున్నారేమో అని చిన్న టైపిస్టు అందట. అతనికి కోపం వచ్చిందట. ఆవిడ అబద్ధం చెప్పే మనిషా? సర్వరే అబద్ధం చెబుతోంది అన్నాడట. చిన్న టైపిస్టు ఇదంతా అతని గొంతు పెట్టి చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

సాయంత్రం మేనేజర్ అతన్ని అందరి ముందూ కడిగేశాడు. ఒక్క పేరు చెరపలేనివాడివి సాఫ్ట్‌వేర్ ఏం ఎక్కిస్తావయ్యా, ఇంకొక్కసారి తప్పితే నీ బదులు వేరేవాణ్ణి పంపమంటాను అన్నాడు. అతను తల వంచుకుని స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ ఉన్నాడు. అది శుభ్రంగానే ఉంది.

జూన్ 8, శనివారం

ఈ రోజుతో సరి అనుకున్నాను. మిగిలినవన్నీ పూర్తి చేసి, సైన్ అవుట్ కొట్టి, అతనికి నిజం చెప్పేద్దామనుకున్నాను. ఒక్కటి తప్ప అన్నీ అయ్యాయి. ఒక పెద్దాయన కడుపు స్కానింగ్. ఒక్క మాట ఎంతకీ కొరుకుడు పడలేదు. చిన్న టైపిస్టు వెళ్లిపోయింది. డాక్టర్‌గారు ఊరెళ్లారు. సోమవారం చూసుకుందాంలే అని చీటీ ట్రేలో పెట్టి ఎక్స్ నొక్కాను. ఇదే ఆఖరు అని దేవుడికి మాటిచ్చాను. ఆయనకు కూడా మాటలే ఇస్తున్నాను.

జూన్ 9, ఆదివారం

మధ్యాహ్నం టెక్నీషియన్ ఫోన్ చేశాడు. మేనేజర్‌ను బతిమాలి ఈ పూట సర్వర్ రీస్టార్ట్ చేశాడట. అక్కయ్యా, ఎక్కేసింది! మీ పేరు కూడా పోయింది, మొదట మీకే చెబుతున్నాను అన్నాడు. పరీక్ష ప్యాసైన పిల్లాడిలా ఉంది గొంతు.

నా సగం రిపోర్టు? అడగలేదు. మా ఆయన ఎవరు ఫోన్ అన్నారు. ఆఫీసు తమ్ముడు అన్నాను. నీకు తెలియకుండా మీ అమ్మ ఇంకొకణ్ణి కన్నదా అని నవ్వారు.

పూర్తయిన చీటీలు శనివారం సాయంత్రం మిషన్‌లో వేసి ముక్కలు చేస్తారని, అందుకే శనివారాలు చీటీ నా సంచిలో వేసుకుని వచ్చేదాన్నని కూరగాయలు తరుగుతుండగా గుర్తొచ్చింది.

జూన్ 10, సోమవారం

కొత్త సాఫ్ట్‌వేర్ చక్కగా పనిచేస్తోంది. ఆ పెద్దాయన భార్య రిపోర్టు కోసం వచ్చింది. రిపోర్టు లేదు, చీటీ లేదు. డాక్టర్‌గారు గురువారం వచ్చి మళ్లీ స్కానింగ్ చూసి రాయాలి. బుధవారం జరగాల్సిన ఆయన ఆపరేషన్ ఆగిపోయింది.

మేనేజర్ టెక్నీషియన్‌ను పిలిపించాడు. వద్దంటే రీస్టార్ట్ అన్నావు, చూశావా అన్నాడు. టెక్నీషియన్ నా వైపు తిరిగి, అక్కయ్యా, శనివారం మీ తెర మీద ఏమైనా ఉండిపోయిందా అని అడిగాడు. అందరూ చూస్తున్నారు. లేదన్నట్టు తల ఊపాను.

అయితే నేనే పోగొట్టి ఉంటాను సార్ అన్నాడు.

పెద్దాయన భార్య కౌంటర్ దగ్గరికి వచ్చి, కాస్త మంచిగా ఉందో లేదో అయినా చెప్పమ్మా, నువ్వు చూశావా అంది. చూశాను. సగం నాకు తెలుసు. అలాంటివి మేము చెప్పకూడదండీ అన్నాను. నియమాలు మాత్రం పాటిస్తాను.

జూన్ 11

మేనేజర్ గదికి వెళ్లి తలుపు వేసి అంతా చెప్పాను. ఎక్స్, చీటీలు, అబద్ధాలు. ఏడుస్తూనే మళ్లీ మళ్లీ చెప్పాను. ఆయన మొదట విన్నాడు, తర్వాత నవ్వాడు. పోనిద్దురూ, పెద్దవారు, ఈ మీటలన్నీ మీకేం తెలుస్తాయి, అతన్ని వెనకేసుకొస్తున్నారు గానీ అన్నాడు. తెలిసే చేశానండీ అన్నాను. మీ మంచితనమే మీకు చేటు అన్నాడు. టెక్నీషియన్‌ను నిన్ననే తీసేయించాడట. వేరేవాడు వచ్చాడు.

కళ్లకు కనబడటం లేదని కూడా చెప్పాను. పెద్ద అక్షరాలు పెట్టించుకోండి అన్నాడు.

జూన్ 12, బుధవారం

అతనికి ఫోన్ చేశాను. అక్కయ్యా, బాగున్నారా, కొత్తది బాగా నడుస్తోందా అని తనే ముందు అడిగాడు. చెప్పాను. ఈసారి ఏడవలేదు. ఏడిస్తే ఓదారుస్తాడు.

నేను గొంతు తగ్గించి అడిగిన మంగళవారం కూడానా అన్నాడు. మంగళవారం కూడా అన్నాను. నేను బల్ల కింద ఉన్నప్పుడు కూడానా అన్నాడు. అవునన్నాను.

సరే, పనిలో ఉన్నాను, ఉంటాను మేడమ్ అన్నాడు.

జూన్ 13

సైన్ అవుట్ కొట్టాను. ఏసీ గదికి వెళ్లి, జాబితాలో నా పేరు ఉందేమో చూడమని కొత్తాయన్ను అడిగాను. లేదు మేడమ్ అన్నాడు.

ఇంకోసారి చూడమన్నాను.