నీడతల్లి గుడి గడప దాటని మాట

పదహారో తారీఖు, మంగళవారం

చిరంజీవి కళ్ళజోడు అబ్బాయికి,

నీ స్నేహితుడి అమ్మ దీవించి రాస్తున్నది. మేం క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు చల్లగా ఉండాలి, అది మాత్రం మనసారా రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతి, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మా చిన్నోడు పోయి మూడు నెలలు. మందిరంలో ప్రతి ఆదివారం పోయినవాళ్ళ పేర్లు చదువుతారు కదా, వాడి పేరు ఇంతవరకు చదవలేదు. అడిగితే మందిరం పెద్దాయన మొహం తిప్పుకుని, మీవాడు ఫోన్ ఆటలో చీకటి దేవతని కొలిచాడమ్మా, ఆ పేరు ఇక్కడ పలకను అన్నాడు. మీకెవరు చెప్పారండీ అంటే, కళ్ళజోడే ఫోన్లో ఆ ఆట బొమ్మ చూపించాడు అన్నాడు.

నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను, గుర్తుందా? వద్దని చెవినిల్లు కట్టుకుని పోరాను అత్తా, వాడే వినలేదు అన్నావు. నమ్మేశాను. ఇంటికొచ్చి, అదీ ఆ దేవత గుర్తేనని, వాడి నల్ల శాలువా పొయ్యిలో పెట్టాను. ఎనిమిది నెలలు మంచంలో వాడు కప్పుకున్నది. నేను కుట్టిందే. వాడి వాసన కూడా లేకుండా పోయిందిరా.

తర్వాత ఉండబట్టలేక వాడి చెల్లెల్ని వాడి ఫోన్లోనే ఆ ఆట నేర్పమన్నాను. బట్టలు కుట్టి జిప్పులు మార్చే వేళ్ళకి ఆ బటన్లు ఎక్కడ లొంగుతాయి! మొదటి రోజంతా గోడకేసి నడిచాను. గోడతో నీకేం పేచీ అమ్మా అని అది నవ్వింది. ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

ఆ ఆటలోనూ మన మందిరం తీరే. పెద్దాయన చీకటి దేవత అన్న నీడతల్లి గుర్తున్నవాణ్ణి తెల్లబట్టల పూజారులు ఊళ్ళోకి రానివ్వరు, రాళ్ళు విసురుతారు. మిగతా దేవుళ్ళంతా గెలిచినవాళ్ళ వెంటే ఉంటారమ్మా, ఈవిడొక్కతే పడిపోయినవాళ్ళ పక్కన కూర్చుంటుంది అని చిన్నోడు ఒకసారి నాతో అన్నాడు. సూదిలో దారం ఎక్కిస్తూ ఊఁ కొట్టాను. ఇప్పుడు వెళ్ళి చూస్తే నిజంగానే కూర్చునుంది, ఎవరో సైనికుడి తల ఒళ్ళో పెట్టుకుని.

ఆవిడ గుడిలో ఎవరి పేరూ కనపడదు. వచ్చినవాడు దీపం ఆర్పి, చేసిన తప్పు చెప్పుకుంటాడు. నల్ల ముసుగులో కూర్చున్న మనిషి, విన్నాను అని ఒక్క మాటే అనాలి. చిన్నోడు ఆ ముసుగులోనే కూర్చునేవాడట.

నువ్వు నాకు చెప్పింది అబద్ధం. నాకు తెలిసిపోయింది. పెద్దాయన అన్నదానికి నాకంత బాధ లేదు, ఆయన నాకేమవుతాడు? నువ్వు మా ఇంట్లో వాడి కంచంలోనే తిన్నవాడివి. ఆఖరి రోజు వాడి కాళ్ళు పిసికినవాడివి. ఆ నోటితో ఆ మాట ఎలా అన్నావురా?

ఇంతే సంగతులు.
నీ అత్త

తా.క. మొన్న గురువారం మధ్యాహ్నం ఒకడు ఆ గుడికొచ్చాడు. దీపం ఆర్పాడు. నా స్నేహితుణ్ణి ఇక్కడికి తెచ్చింది నేనే, వాళ్ళమ్మ చేత నల్ల శాలువా కుట్టించుకోమన్నదీ నేనే, మందిరంలో నా పేరు కూడా కొట్టేస్తారని భయపడి అంతా వాడి మీదకి తోశాను అని రాశాడు. చిన్నోడి ముసుగులో కూర్చుని, అక్షరం అక్షరం వెతుక్కుని, విన్నాను అని కొట్టింది నేనే. అక్కడ విన్నమాట గడప దాటించకూడదట, అందుకే పెద్దాయనకి నేను చెప్పలేదు. ఆదివారం ముందు వరసలో కూర్చుంటాను. నువ్వే నోరు విప్పాలి. వాడి పేరు చదివేదాకా మా ఇంటి ఛాయలకి రాకు. చదివిన రోజు రా, అన్నం పెడతాను.