అమ్మ అరచేతిలో మాత్ర

అక్కా,

నువ్వు బతికున్నా ఈ ఉత్తరం నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. మన ఇంట్లో బడికెళ్లింది నేనొక్కదాన్నే కదా.

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు జ్వరమొస్తే అమ్మ ప్రార్థన నూనె రాసి ఐదు రోజులు ఇంట్లోనే ఉంచింది. మాకవరపాలెం నుంచి నర్సీపట్నం ఆసుపత్రికి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. అప్పటి నుంచి నేను ప్రార్థన మానేశాను. అమ్మతో మాటలూ తగ్గించేశాను.

ఇప్పుడు అమ్మకి షుగరు. కాలి వేలికి పుండు పడింది. మాత్రలు మొదలుపెట్టకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని ఈ ఉదయం డాక్టరుగారు చెప్పారు. ఇంటికొచ్చి మాత్ర చేతిలో పెడితే అమ్మ మింగలేదు.

"దేవుడు మందులొద్దన్నాడేటి?" అని అరిచాను.

"అరవకే, పెద్ద సదువులదానివి. దేవుడేటీ అన్లేదు. ఇది మింగి నాను బాగుపడితే, మీ అక్కకీ మందుతో తగ్గిపోయుండేదని ఒప్పుకున్నట్టే గదే. మరి దాన్ని సంపింది నానేనా?"

ఏడాదిగా నేను అనాలనుకున్న మాట అదే. అవునని నోటిదాకా వచ్చింది. అమ్మ అరచేతి చెమటకి మాత్ర కరుగుతోంది.

"తెలీక చేశావమ్మా," అన్నాను.

అమ్మ చెంగు తలమీదకి లాక్కుంది. "అయితే నువ్వు ప్రార్థన సెయ్యి. మింగుతాను."

నాకు మాటలు గుర్తురాలేదు. చివరికి, ఆకలేస్తే నువ్వు అన్నం ముందు గబగబా చెప్పేసే ప్రార్థనే చెప్పాను. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి అమ్మ అరచెయ్యి ఖాళీగా ఉంది.

"దానిలాగే బేగి ముగించీసినావు," అంది.