గడియ తీశాక ఎవరున్నారు?

అమ్మమ్మకు దణ్ణాలు. నాకు జ్వరం తగ్గింది, కులాసాగా ఉన్నాను, అమ్మకు దిగులు పడవద్దని చెప్పు.

అసలు కబురు వేరే ఉంది. మా కుట్టుపనివాళ్ళ హాస్టల్లో ఆదివారం సాయంత్రం దెయ్యం కథల పోటీ పెడితే నేనే గెలిచాను. నువ్వు చెప్పే అత్తగారి దెయ్యం కథే చెప్పాను. "ఊ కొట్టకపోతే కథ ఆపేస్తాను" అని నీలాగే ముందు బెదిరించాను. హాలంతా బుద్ధిగా ఊ కొట్టింది. చచ్చిపోయిన అత్తగారు రోజూ చీకటి పడగానే తలుపు తట్టి, "కోడలా, నా సూది ఇచ్చెయ్యవే" అంటుందా, చివరికి కోడలు తెగించి గడియ తీసింది. అక్కడికొచ్చేసరికి నా దగ్గర కథ అయిపోయింది. చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పించుకున్నా సరిగ్గా అక్కడే నాకు నిద్ర పట్టేసేది కదా. తర్వాత ఏమైందో నాకేం తెలుసు? బిక్కమొహం వేసుకుని తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. వాళ్ళు "ఊ" అన్నారు. నేను పలకలేదు. ఇంకా చిన్న గొంతుతో "ఊ" అన్నారు. అంతే, మా సూపర్‌వైజరమ్మ కెవ్వుమని పక్కనున్న మా హాస్టల్ కరెంటు పనులు చూసే ఆయన చెయ్యి పట్టేసుకుంది. ఏటా గెలిచే ఆ కరెంటాయనే లేచి, "ఇలా ఆపడం నా వల్ల కాదమ్మా, ఈసారి నీదే" అన్నాడు. బహుమతి ఫ్లాస్కు. అది నీకే.

వంటింటి కుళాయి బాగుచేయించారా? ఇటు ఎవరైనా వస్తుంటే నా పచ్చ స్వెట్టర్ పంపండి. తమ్ముడికి ముద్దులు.

గడియ తీశాక బయట ఎవరున్నారో తిరుగు టపాలో రాయి. ఆదివారం నుంచి మా గది తలుపు ఎవరు తట్టినా తీసే నాథుడు లేడు. అందరికన్నా ముందు దుప్పటి ముసుగు పెట్టేది నేనే.

నీ నిద్రమొహం మనవరాలు