ఆపడానికేమీ మిగల్చని వీధి

ముత్తియాల్‌పేట, పుదుచ్చేరి

చెల్లెలి కొడుకు సుధాకరన్‌కు ఆశీస్సులు.

ఫోన్లో అయితే నువ్వు నసుగుతావని రాస్తున్నాను. కరెంటాఫీసులో పనిచేసేవాడివి కదా అని, నా గ్రైండరుకు నువ్వు బిగించిన స్మార్ట్ ప్లగ్గును నమ్మాను. నిన్న సాయంత్రం పిండి సగం నలగ్గానే గ్రైండరు దానంతటదే ఆగిపోయింది. ఇడ్లీ పిండి కోసం గిన్నెలతో వచ్చినవాళ్ళంతా వాకిట్లో నిలబడ్డారు. పక్కింటి కన్నియమ్మాళ్ "ఏంది లోగా, నీకు మాత్రం కరెంటు కట్ చేసినారా?" అని అడిగింది.

నా గ్రైండరును ఆపడానికి మీరెవరు?

పెద్దమ్మ లోగనాయకి

తా.క.: ప్లగ్గు పీకి చింతపండు జాడీలో వేశాను. చేతనైతే చింతపండును ఆపు.

*

పెద్దమ్మకు నమస్కారాలు.

సాయంత్రం ఊరంతా ఒకేసారి ఏసీలు, మోటార్లు వేస్తుంది. ఆ బరువుకు లైన్లు పడిపోయి అందరికీ కరెంటు పోకుండా, ఒప్పుకున్న ఇళ్ళలో కొన్నిటిని ఆఫీసు నుంచే కాసేపు ఆపుతాం. నువ్వూ సరేనన్నావు కదా.

సుధాకరన్

తా.క.: మీ వీధి మొత్తాన్నీ ఈ పథకంలో చేర్చమని మా ఇంజినీరు అనంతరామన్ నా ప్రాణం తీస్తున్నారు.

*

సుధాకరన్‌కు. ఈసారి ఆశీస్సులు లేవు.

నీ ఉత్తరం వీధిలో అందరికీ చదివి వినిపించాను. "వాళ్ళు ఆపేదేంది, మనమే ఆపేద్దాం" అన్నాను. ఇకమీదట సాయంత్రాలు మా వీధిలో ఏసీ తిరగదు, మోటారు తిరగదు. పిండి పొద్దున్నే రుబ్బుతాను. దర్జీ ఇరుసప్పన్ మిషను కాలితో తొక్కుతున్నాడు. ఆపడానికి మీకు ఏదీ మిగలదు. ఏం చేసుకుంటారో చేసుకోండి.

లోగనాయకి

తా.క.: ఆ రోజు నేను సరేనన్నది, నువ్వు ఇంకొంచెం కాఫీ అడిగావనుకుని.

*

పెద్దమ్మకు సాష్టాంగ నమస్కారం.

చుట్టుపక్కల లైన్లన్నీ పడిపోయినా మీ వీధి లైను నిలబడింది. సాయంత్రమైతే మీ వాడకం ఎందుకు తగ్గుతోందో తెలియక, మీటర్లు చెడిపోయాయని మా ఆఫీసువాళ్ళు మనుషుల్ని కూడా పంపారు. మాకు కావలసింది సరిగ్గా ఇదే, పెద్దమ్మా. ఆదివారం అనంతరామన్ సారే వచ్చి నీకు దండ వేస్తారు.

సుధాకరన్

తా.క.: మైకిస్తారు. తిట్టొద్దు.

*

సుధాకరన్‌కు ఆశీస్సులు.

ఆదివారం నువ్వు భయపడి రాలేదు గనుక చెబుతున్నాను. మీకు మేలు చేశానని తెలిసి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. దండ వేయించుకున్నాను. మైకు తీసుకుని, "సారూ, మా ఇళ్ళ మీట మీ చేతిలో ఉండాలంటిరి. మీ గది ఏసీ మీట ఎవరి చేతిలో ఉండాది?" అని అడిగాను. ఆయన నవ్వాడు. వీధిలో ఎవరూ నవ్వలేదు. నేను కుర్చీలోంచి లేవనూ లేదు, ఆయన్ని లేవనివ్వనూ లేదు. చివరికి ఆ మీట నా చేతికివ్వడానికి ఒప్పుకున్నాడు. సోమవారం మీ ఆఫీసు మనిషే వచ్చి దాన్ని నా ఫోన్లోకి ఎక్కించి పోయాడు.

పెద్దమ్మ

తా.క.: ఇప్పుడే ఆపాను. ఉక్కపోస్తే ఆయన్ని నాకు ఉత్తరం రాయమను.